ఐమూల కుట్లు కలవాలంటే ఎక్కడ పట్టుకోవాలి? బొంత ముక్కలు అతికేవాళ్ళకు

పరకాల నుంచి ఒక చెల్లె అడిగిన ప్రశ్న ఇది: "అక్కా, రెండు రంగుల పట్టీలు వరుసగా అతికి, దాన్ని ఐమూలగ కోసి చదరపు ముక్కలు చేసుకున్న. బొంత ఈ మూల నుంచి ఆ మూల దాక చారలు తెగకుండ పోవాలె. కని రెండు ముక్కలు కలిపినకాడ చార విరిగినట్టు అయితున్నది. అంచులకాడ రెండు కుట్లు సరిగ్గ పట్టుకొని పిన్ను పెడితే అర ఇంచు జరిగింది. విప్పి, కంటితోని అంచనా వేసి కుడితే ఇంకా ఒక గీత తేడా ఉన్నది. బాణం గుర్తు లెక్క కలిసే ముక్కలేమో మంచిగనే వస్తున్నయి. తప్పు నా కటింగులనా, మిషన్లనా?"

చెల్లెమ్మా, ముందు జవాబు చెప్పేస్తాను. ఐమూల కుట్లను, అంటే ముక్క మీద వాలుగా పోయే కుట్లను, బట్ట అంచు దగ్గర కలపొద్దు. అంచు నుంచి పావు ఇంచు లోపల, సూది నడిచే లైను మీద కలపాలి. ఆ లైను మీద చుక్క పెట్టుకుని, రెండు చుక్కల్లోంచి పిన్ను నిటారుగా దింపి, కుట్టేటప్పుడు లోతు (అంచు నుంచి కుట్టు దాకా ఉండే దూరం) అర గీత కూడా తప్పకుండా చూసుకుంటే చార తెగదు. మీకు మొదట వచ్చిన అర ఇంచు తేడా అంచు దగ్గర పట్టుకోవడం వల్ల వచ్చింది. రెండోసారి మిగిలిన ఒక గీత తేడా మాత్రం ఎక్కువగా కుట్టు లోతు వల్ల వస్తుంది. రెండూ వేరు వేరు జబ్బులు. ఒకదాని మందు ఇంకోదానికి పనిచేయదు.

గీత అంటే టేపులో ఇంచుకు 8 గీతల లెక్కన చెబుతున్నాను. పావు ఇంచు అంటే 2 గీతలు. ఒక గీత 3 మిల్లీమీటర్ల పైచిలుకు, అర గీత సుమారు ఒకటిన్నర మిల్లీమీటరు.

జాకెట్ మెడకు పైపింగ్ వేసిన చేతులకు ఈ సంగతి ముందే తెలుసు. క్రాస్ పట్టీలు రెండు అతికేటప్పుడు వాలు కొనలను ఒకదాని మీద ఒకటి సమానంగా పెట్టి కుడితే, తెరిచాక పట్టీ అంచు మెట్టులా జరుగుతుంది. అందుకే రెండు కొనలను చెవుల్లా కొంచెం బయటికి వదిలి, ఆ చెవి మొదట్లో ఏర్పడే సందులోంచి కుట్టు మొదలుపెట్టి అవతలి సందులోకి తేలుస్తారు. బొంతలో చార కలపడం కూడా అదే పని. అక్కడ పట్టీ అంచు కలవాలి, ఇక్కడ ముక్క మధ్యలో ఉన్న కుట్టు కలవాలి. చెవి కంటికి కనబడదు కాబట్టి మరిచిపోతాం.

లెక్క ఇట్లా ఉంటుంది. 45 డిగ్రీల వాలులో ఉన్న కుట్టు పావు ఇంచు కిందికి దిగితే పావు ఇంచు పక్కకు కూడా పోతుంది. మొదటి ముక్కలో చార కుట్టు లైను నుంచి అంచు దాకా వచ్చేలోపు పావు ఇంచు ఒక పక్కకు జరుగుతుంది. రెండో ముక్కలో అదే చార అంచు దాకా వచ్చేలోపు పావు ఇంచు అవతలి పక్కకు జరుగుతుంది. కాబట్టి రెండు ముక్కలను ముఖాముఖి పెట్టి పట్టుకున్నప్పుడు, కలవాల్సిన కుట్లు అంచుల దగ్గర అర ఇంచు ఎడంగా కనబడాలి. ఎడంగా కనబడితేనే సరిగ్గా ఉన్నట్టు. మీరు వాటిని అంచు దగ్గర ఒక చోటికి తెచ్చేసరికి ఆ అర ఇంచు మొత్తం కుట్టు లైను మీదికి ఎక్కింది.

ఈ అర ఇంచును మాత్రం సూత్రంలా గుర్తుపెట్టుకోవద్దు, అది 45 డిగ్రీలకే. 60 డిగ్రీల వాలుకు ఆ ఎడం సుమారు 7 మిల్లీమీటర్లు. వెడల్పుకు పొడవు రెట్టింపు ఉన్న ముక్కను మూల నుంచి మూలకు కోస్తే వచ్చే పొడుగు త్రికోణాల్లో అయితే, పొట్టి అంచు మీద పావు ఇంచు, పొడుగు అంచు మీద ఏకంగా ఒక ఇంచు. చుక్క పెట్టే పద్ధతికి ఈ లెక్కలేవీ అక్కర్లేదు, ఏ వాలుకైనా అదే పని చేస్తుంది.

బాణం గుర్తులా కలిసేవి మంచిగా ఎందుకు వస్తున్నాయో కూడా ఇక్కడే తెలుస్తుంది. అందులో రెండు కుట్లు ఒకదానికొకటి అద్దంలో బొమ్మలా ఉంటాయి. ముఖాముఖి పెడితే ఒకదాని మీద ఒకటి పొడవునా పడుకుంటాయి. అంచు దగ్గర కలిసినా లోపల కలిసినా ఒకటే. కుట్టు లోతు కొంచెం తప్పినా రెండూ ఒకే దిక్కుకు జరుగుతాయి కాబట్టి కలిసే ఉంటాయి, బాణం మొన మాత్రం అటో ఇటో పోతుంది. తిన్నగా సాగిపోయే చారలో ఆ వెసులుబాటు లేదు. ముఖాముఖి పెట్టినప్పుడు కుట్లు కత్తెరలా ఒకదాన్నొకటి ఒక్క బిందువు దగ్గరే దాటుతాయి. ఆ బిందువు కుట్టు లైను మీద ఉండాలి. అందుకే పని మొదలుపెట్టే ముందు రెండు ముక్కలను బల్ల మీద పక్కపక్కన పెట్టి, ఈ కీలు, అంటే కుట్లు కలిసే చోటు, బాణమా, తిన్నటి చారా అని చూసుకోండి. బాణమైతే పిన్నుల మీద అంత శ్రమ అక్కర్లేదు.

లోతు తప్పితే తేడా రెట్టింపు అవుతుంది. తిన్నటి చారలో కుట్టు అర గీత లోపలికి పోతే మొదటి ముక్కలో చార అర గీత ఒక పక్కకు, రెండో ముక్కలో అర గీత ఇంకో పక్కకు పోతుంది. మొత్తం ఒక గీత. మీరు చెప్పిన తేడా సరిగ్గా అంతే. అర గీత తక్కువ లోతుగా కుట్టినా అంతే తేడా, దిక్కు మాత్రం మారుతుంది. నిలువు అడ్డం కుట్లు మాత్రమే ఉన్న బొంతలో ఈ తప్పు ఎన్నేళ్ళు చేసినా బయటపడదు, ముక్కలు అన్నీ ఒకేలా కొంచెం చిన్నవవుతాయి. ఐమూల కుట్టు దాన్ని పక్కకు తిప్పి, రెట్టింపు చేసి చూపిస్తుంది. జాకెట్లు, లంగాలు ఎన్నో కుట్టి చేయి తిరిగినవాళ్ళు కూడా బొంతలో ఇక్కడే ఆగిపోతారు. బట్టలు కుట్టేటప్పుడు అర ఇంచు, ముప్పావు ఇంచు మడత వదులుతాం, అర గీత తేడాను ఎవరూ పట్టించుకోరు.

అందుకని పిన్నుల కంటే ముందు మిషను లోతును పరీక్ష చేయండి. ఒకటిన్నర ఇంచు వెడల్పు, 4 ఇంచుల పొడవు ఉన్న పట్టీలు మూడు కోయండి. పక్కపక్కన అతికి, ఇస్త్రీ చేసి, మధ్య పట్టీ వెడల్పు కొలవండి. సరిగ్గా 1 ఇంచు రావాలి, మొత్తం వెడల్పు మూడున్నర రావాలి. మధ్య పట్టీ ఒక గీత తక్కువ వస్తే ఒక్కో కుట్టు అర గీత లోతుగా పోతున్నట్టు. స్కేలుతో పావు ఇంచు కొలిచి కుట్టినా మధ్య పట్టీ కొంచెం తక్కువే వస్తుంది. ఎందుకంటే బట్ట మడత తిరిగే చోట ఒకటి రెండు పోగుల మందం తింటుంది. కాబట్టి పావు ఇంచుకు ఒకటి రెండు పోగులు తక్కువగా కుట్టాలి. ఈ పరీక్షకు మీరు బొంతకు వాడే బట్టే, అదే దారమే వాడండి. పాప్లిన్‌కు సరిపోయిన చోటు పలుచటి టూ బై టూ జాకెట్ బట్టకు సరిపోకపోవచ్చు.

మామూలు నల్ల మిషన్లలో ఫుట్ అంచునే కొలతగా పట్టుకోవద్దు. సూది నుంచి ఫుట్ కుడి అంచు దాకా పావు ఇంచే ఉంటుందని నమ్మకం లేదు, ఫుట్ మారిస్తే అదీ మారుతుంది. తెల్ల కాగితం మీద అంచు నుంచి పావు ఇంచు లోపల పెన్సిల్‌తో లైను గీసి, చేతి చక్రం తిప్పుతూ సూదిని ఆ లైను మీద దింపండి. కాగితం లైను సూదికి తిన్నగా ఉండేట్టు ఫుట్ దింపి, కాగితం కుడి అంచుకు ఆనించి ప్లేటు మీద ఇన్సులేషన్ టేపు నాలుగైదు పొరలు అంటించండి. ఆ టేపు గట్టులా నిలబడుతుంది, బట్ట అంచు దానికి రాసుకుంటూ పోతుంది. చాలా మిషన్ల బెడ్ మీద సూదికి కుడి పక్కన క్లాత్ గైడ్ బిగించే మర రంధ్రాలు కూడా ఉంటాయి. గైడ్ దొరికితే టేపు కంటే అదే గట్టిది. ఎట్లా చేసినా మూడు పట్టీల పరీక్ష మళ్ళీ చేసి, 1 ఇంచు వచ్చేదాకా టేపును వెంట్రుకవాసి జరుపుతూ ఉండండి. ఈ అరగంట మిగిలిన బొంత మొత్తాన్ని కాపాడుతుంది.

ఇక పిన్ను సంగతి. రెండు ముక్కల వెనక వైపున, అంచు నుంచి పావు ఇంచులో సన్నటి పెన్సిల్‌తో లైను గీయండి. పొడవునా అక్కర్లేదు, ప్రతి ఐమూల కుట్టుకు అటూ ఇటూ అర ఇంచు చాలు. మార్కింగ్ చాక్ వద్దు, దాని మందమే అర గీత ఉంటుంది. ఐమూల కుట్టు ఆ లైనును దాటే చోట చుక్క పెట్టండి. ముక్కలను ముఖాముఖి పెట్టి, సన్నటి పొడుగు పిన్నును పై చుక్కలోంచి గుచ్చి, కింది ముక్క చుక్కలోంచి బయటికి తీయండి. పిన్ను తల బట్టకు ఆనేదాకా నొక్కి, నిటారుగా అట్లాగే నిలబెట్టండి. ఎక్కువమంది చేసే పొరపాటు ఇక్కడే జరుగుతుంది. అదే పిన్నును వంచి, మళ్ళీ బట్టలో గుచ్చి బిగిస్తారు. వంచిన క్షణంలో రెండు పొరలు ఒకదాని మీద ఒకటి జారతాయి, చుక్కలు విడిపోతాయి. నిటారు పిన్ను గురి చూపడానికే. పట్టి ఉంచడానికి దానికి అటూ ఇటూ ఒకటి రెండు గీతల దూరంలో వేరే పిన్నులు రెండు పెట్టండి. అవి బిగిశాక నిటారు పిన్ను తీసేయండి. దుకాణాల్లో చవకగా దొరికే ఆఫీసు గుండుసూదులు మందంగా ఉంటాయి, బట్టను ఎత్తేస్తాయి. సన్నటి పూసల తల పిన్నులు తీసుకోండి.

ఆ తర్వాత నేరుగా పూర్తి కుట్టు వేయకండి. మిషను కుట్టును వీలైనంత పొడుగుకు పెట్టి, ఒక్కో కీలు మీద మాత్రం ఇంచు పొడవు కుట్టండి. కీలుకు కీలుకు మధ్య దారం వదిలేసి ముందుకు జరగండి. చేత్తో వేరే రంగు దారంతో నాలుగు టాకాలు వేసినా సరే. ముక్క తెరిచి, ముందు వైపు నుంచి చూడండి. చార తిన్నగా పోతే, ఇంచుకు 12 కుట్లు వచ్చేట్టు మిషను మార్చి, మొత్తం అంచు మీద అదే లైనులో కుట్టు వేయండి. ఒక కీలు తప్పితే ఆ ఇంచు టాకాలే లాగేస్తే చాలు. పూర్తి కుట్టు వేశాక విప్పడం మొదలుపెడితే వాలు అంచు సాగి, అదే ముక్క రెండోసారి ఇంకా ఎక్కువ తప్పుతుంది.

కుట్టేటప్పుడు పిన్ను సూదికి తగలబోయే ముందు తీసేయండి, కానీ మరీ ముందు తీయొద్దు. కీలు దగ్గరికి వచ్చాక తొక్కుడు ఆపి, చేతి చక్రంతో మూడు నాలుగు కుట్లు నడపండి. కింది పళ్ళు కింది బట్టను లాక్కుపోతాయి, ఫుట్ పై బట్టను ఆపుతుంది. కాబట్టి పొడుగు అంచు మీద చివరికి వచ్చేసరికి పై పొర మిగిలినట్టు అవుతుంది. మొదటి కీలు కుదిరి, చివరి కీలు తప్పుతోందంటే కారణం ఇదే. రెండు ముక్కల్లో ఏది వెంట్రుకవాసి పొడవుందో చూసి దాన్ని కింద పెట్టండి, పళ్ళు దాన్ని సర్దుకుంటాయి. ఫుట్ ఒత్తిడి మర కొంచెం వదులు చేసినా ఈ జరుగుడు తగ్గుతుంది.

మీ ప్రశ్నలో పట్టీ వెడల్పు చెప్పలేదు. పై పనులన్నీ చేసినా చార కలవకపోతే కారణం అక్కడ ఉండొచ్చు. చారను ఐమూలగా కోసినప్పుడు అంచు మీద దాని పొడవు వెడల్పు కంటే ఎక్కువ ఉంటుంది, వెడల్పును 1.41తో గుణించాలి. 2 ఇంచుల పట్టీలు కోసి అతికితే కుట్లు పోను చార ఒకటిన్నర ఇంచు మిగులుతుంది. ముక్క అంచు మీద అది 2 ఇంచుల 1 గీత ఆక్రమిస్తుంది. రెండు రంగులు మారుతూ పోవాలంటే ఒక ముక్క అంచులో చారలు సరి సంఖ్యలో పట్టాలి. నాలుగు చారలకు సుమారు ఎనిమిదిన్నర ఇంచులు. అంటే ముక్క పూర్తయ్యాక ఎనిమిదిన్నర ఉండాలి, కోసేటప్పుడు నాలుగు వైపులా కుట్టు కలుపుకొని 9 ఇంచులు. ఎనిమిదిన్నర కోసి ఎనిమిది చేస్తే పక్క ముక్క చార దాదాపు అర ఇంచు తప్పుతుంది, ఏ పిన్నూ దాన్ని కాపాడలేదు. 8 ఇంచులే కావాలంటే చార ఒకటిన్నర ఇంచుకు సుమారు ముప్పావు గీత తక్కువ ఉండాలి, అంటే 36 మిల్లీమీటర్లు. అంత చిక్కు పడటం కంటే ముక్క కొలత మార్చుకోవడం తేలిక. పిన్ను పెట్టే ముందు రెండు ముక్కల అంచుల మీద చుక్కకు చుక్కకు మధ్య దూరం టేపుతో కొలవండి. అర గీత తేడా అయితే సర్దుకుంటుంది. ఒక గీత దాటితే ఆ ముక్కను పక్కన పెట్టి, ఇంకో జత వెతకండి.

అన్ని చోట్లా ఒకే చుక్క దగ్గర కోత పడాలంటే అచ్చు కావాలి. జిరాక్స్ దుకాణాల్లో ప్రాజెక్టు రిపోర్టులకు వేసే పారదర్శక షీట్లు తీసుకుని, ఒక్క షీటు వెడల్పు చాలదు కాబట్టి రెండింటిని టేపుతో అతికి, 9 ఇంచుల చదరం కోసి, మూల నుంచి మూలకు ఒక లైను, నాలుగు వైపులా పావు ఇంచు లోపల ఒక లైను గీసుకోండి. ఐమూల లైనును పట్టీల కుట్టు మీద పెట్టి, చుట్టూ గీసి కోయండి. పిల్లల కంపాసు పెట్టెలోని 45 డిగ్రీల మూలమట్టం కూడా చదరం నిజంగా చదరమేనా అని చూడటానికి పనికొస్తుంది. చార కుట్టు దగ్గర కలిసింది కానీ కీలు దగ్గర వంగినట్టు ఉంది అంటే, ఏదో ఒక ముక్కలో వాలు 45 కాదన్నమాట.

బట్ట సాగుడు గురించి. పడుగు (నిలువు పోగులు), పేక (అడ్డం పోగులు) సంగతి వరంగల్ కొత్తవాడ నేత ఇళ్ళవాళ్ళకు చెప్పనక్కర్లేదు. పడుగు దిక్కు అంతగా సాగదు, పేక దిక్కు కొంచెం సాగుతుంది, ఐమూల దిక్కు రబ్బరులా సాగుతుంది. పట్టీలను అతికి ఐమూలగా కోసిన మీ ముక్కల్లో నాలుగు అంచులూ ఆ సాగే అంచులే. అందుకే కోసే ముందే గంజి పెట్టండి. అన్నం గంజిని పలుచటి బట్టలో వడకట్టి, ఒక వంతు చిక్కటి గంజికి మూడు నాలుగు వంతుల నీళ్ళు కలిపి, బట్ట ముంచి, నీడలో ఆరేసి, ఇంకా కొంచెం తడి ఉండగానే ఇస్త్రీ చేయండి. కాగితంలా పెళుసుగా రావాలి. కొత్త బట్టయితే గంజి కంటే ముందు ఒకసారి ఉతకండి, ముఖ్యంగా ఎర్ర రంగులు. బొంత పూర్తయ్యాక గంజి పోయేదాకా ఉతకడం మరవద్దు, గంజి బట్టను పెట్టెలో దాస్తే పురుగు కొడుతుంది.

గంజి కూడా చాలనంత మెత్తటి పాత చీర ముక్కలైతే ఇంకో దారి ఉంది. పాత పలుచటి పంచెను నిలువు అడ్డం తప్పకుండా 9 ఇంచుల చదరాలుగా కోసి, ఆ చదరం మీదనే పట్టీలను ఐమూలగా ఒకదాని పక్కన ఒకటి కుట్టుకుంటూ పోండి. మొదటి పట్టీ అంచును మూల నుంచి మూలకు గీసిన లైనుకు ఆనించాలి. అడుగు బట్ట అంచులు సాగవు కాబట్టి పైవీ సాగవు. పొర ఒకటి పెరుగుతుంది, బొంతకు అది నష్టం కాదు. సిరిసిల్ల మరమగ్గాల పాలిస్టర్ చీరలు జారుతాయి, గంజి పట్టవు, ఇస్త్రీ వేడికి ముడుచుకుంటాయి. వాటిని కాటన్‌తో కలిపి తిన్నటి చారలకు వాడొద్దని నా సలహా. వాడి తీరాలనుకుంటే ఈ అడుగు బట్ట పద్ధతిలోనే వాడండి.

ఇస్త్రీ పెట్టెను ఎత్తి పెట్టాలి, ఎత్తి తీయాలి. షర్టు మీద తోసినట్టు తోస్తే ఐమూల అంచు విల్లులా వంగుతుంది. ముందు కుట్టు మూసి ఉండగానే దాని మీద ఒకసారి నొక్కి, దారం బట్టలో కూర్చున్నాక తెరవండి. కుట్టు మడతలను ఒక పక్కకు పడేయాలా, రెండు పక్కలకు విడదీయాలా అంటే, తిన్నటి చారలకు విడదీయడమే మేలు. చుక్క స్పష్టంగా కనిపిస్తుంది, పిన్ను మందం లేని చోట దిగుతుంది. అట్లా విడదీసేటప్పుడు కుట్టు కొంచెం చిన్నదిగా, ఇంచుకు 14, 15 పెట్టుకోండి, లేకపోతే ఉతుకుల్లో నోరు తెరుస్తుంది. బాణం కీళ్ళకు మాత్రం ఒక ముక్క మడతను ముదురు రంగు వైపు, రెండో ముక్క మడతను లేత రంగు వైపు పడేయండి. ముఖాముఖి పెట్టి వేలితో తోస్తే రెండు గట్లు ఒకదానికొకటి గాడిలో పడినట్టు ఆగుతాయి. ఆ ఆగడం వేలికి తెలుస్తుంది, పిన్ను కూడా అవసరం లేదు.

గాలిమర బొంత చేసేవాళ్ళకు రెండు మాటలు. దానికి వాడే సగం సగం త్రికోణాల చదరం (రెండు రంగుల త్రికోణాలు ఐమూల కుట్టుతో కలిసిన ముక్క) 6 ఇంచులు పూర్తి కావాలంటే లెక్క ప్రకారం 6 ఇంచుల 7 గీతల చదరాలు కోయాలి. నేను 7 ఇంచులు కోసి, కుట్టాక ఆరున్నరకు కత్తిరించమంటాను. కత్తిరించేటప్పుడు కుట్టు సరిగ్గా రెండు మూలల్లోంచి పోవాలి. మధ్యలో నాలుగు ముక్కలు కలిసే చోట వెనక కుట్లు ఇంటూ గుర్తులా కనబడతాయి. ఆ గుర్తు మధ్యలోంచి కాకుండా ఒక పోగు బయటికి, అంటే అంచు వైపు నడిపించండి. సరిగ్గా మధ్యలోంచి పోతే మడత తిరిగాక త్రికోణాల కొనలు తెగుతాయి.

విప్పాలా వద్దా అనేది రంగును బట్టి ఉంటుంది. నలుపు పక్కన తెలుపు ఉంటే అర గీత తేడా కూడా దూరం నుంచి కనబడుతుంది, విప్పండి. పూల ప్రింటు పక్కన ఇంకో ప్రింటు ఉంటే అర గీతను వదిలేయొచ్చు, దూది పెట్టి టాకాలు వేసి ఒక ఉతుకు అయ్యాక ఆ ముడతల్లో అది దొరకదు. ఒక గీత దాటితే ఏ రంగైనా విప్పాల్సిందే. అన్ని కీళ్ళలో తేడా ఒకే దిక్కుకు, ఒకే అంత ఉంటే విప్పే ముందు మిషను దగ్గరి టేపును చూడండి. ఒక చోట కుడికి, ఒక చోట ఎడమకు ఉంటే పిన్ను వంచి గుచ్చారన్నమాట. కుట్టాక కలిసి ఇస్త్రీ తర్వాత తప్పితే ఇస్త్రీ పెట్టెను తోశారు.

విప్పేది మొత్తం అంచు కాదు. తప్పిన కీలుకు అటూ ఇటూ ఇంచు మేర, ప్రతి మూడో కుట్టును రిప్పర్‌తో తెంపి, అవతలి దారాన్ని మెల్లగా లాగండి, బట్టను రెండు చేతులతో చింపినట్టు విడదీయొద్దు. విప్పిన చోట గంజి నీళ్ళు వేలితో అద్ది, ఇస్త్రీ పెట్టెతో నొక్కి, సూది రంధ్రాలు మూసుకుని ఆరాకే మళ్ళీ చుక్క పెట్టండి. పాత కుట్టు మీదికి అటు అర ఇంచు, ఇటు అర ఇంచు ఎక్కేట్టు కొత్త కుట్టు వేస్తే ముడి అవసరం ఉండదు.